హైదరాబాద్ మీద దుమ్ము ఎడారిదా, మనదేనా? కంప్యూటర్ మోడళ్లతో జాడ తీయడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండాకాలంలో కొన్ని రోజులు ఆకాశం నీలం పోయి పాలిపోతుంది. గోల్కొండ కోట మీద నిలబడితే ఎదురుగా ఉండే కుతుబ్‌షాహీ సమాధులు కూడా మసకగా కనిపిస్తాయి. పొద్దున తుడిచిన బాల్కనీ గట్టు మీద మధ్యాహ్నానికి వేలితో గీత గీయొచ్చు. అలాంటి రోజు నాకు ఫోన్లు మొదలవుతాయి: "రాజస్థాన్ నుంచి దుమ్ము వచ్చిందట, నిజమేనా?" విద్యార్థులు, మా అపార్ట్‌మెంట్ వాళ్లు, ఉబ్బసం ఉన్న పిల్లల తల్లులు అడిగే ప్రశ్నలన్నిటినీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఎడారి దుమ్ము నిజంగా హైదరాబాద్ దాకా వస్తుందా?

వస్తుంది, కానీ రోజూ రాదు. జైసల్మేర్ నుంచి మన ఊరికి సూటిగా కొలిస్తే దాదాపు 1300 కిలోమీటర్లు. పైన గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో ఇటువైపే వీస్తే ఒకటిన్నర రోజులో చేరుతుంది. మార్చి నుంచి జూన్ మొదటి వారాల వరకు వాయవ్యం గాలి తగిలే రోజుల్లో దీనికి అవకాశం ఎక్కువ.

థార్ ఒక్కటే కాదు. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దులో సీస్తాన్ అనే పల్లపు ప్రాంతం ఉంది. అక్కడి హామూన్ సరస్సులు ఎండినప్పుడు వాటి అడుగున ఉన్న మెత్తటి ఒండ్రు పైకి తేలుతుంది. ఎండాకాలంలో అక్కడ వీచే గాలికి స్థానికులు పెట్టుకున్న పేరే "నూట ఇరవై రోజుల గాలి". ఇరాక్, కువైట్ వైపు వీచేది షమాల్. 2012 మార్చి మూడో వారంలో అరేబియా ద్వీపకల్పం మీద లేచిన దుమ్ము సముద్రం దాటి పాకిస్తాన్, మన పశ్చిమ తీరం వరకు వచ్చింది. 2022 జనవరిలో కరాచీని కప్పేసిన దుమ్ము మర్నాటికల్లా గుజరాత్, ముంబయిల మీద ఉంది. హైదరాబాద్ ఇంకా లోపలికి ఉంది కాబట్టి మన దగ్గరికి చేరేసరికి అది పలచబడుతుంది. బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వాళ్ల ఉపగ్రహ డేటా కేంద్రం) శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలనూ నేల మీది కొలతలనూ కలిపి ఇలాంటి రాకలను అధ్యయనం చేసి పరిశోధన పత్రాలు ప్రచురించారు.

ఇసుక అంత దూరం ఎలా ఎగురుతుంది?

ఇసుక ఎగరదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

కల్లంలో తూర్పారబట్టడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. చేటతో ఎత్తిపోస్తే గింజ కాళ్ల దగ్గరే రాశి పడుతుంది, తాలు కాస్త అవతల పడుతుంది, పొట్టు కల్లం దాటి పోతుంది. ఎడారి గాలి చేసేదీ అదే. 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఇసుక రేణువు, అంటే వెంట్రుక మందం కన్నా కొంచెం పెద్దది, 3 కిలోమీటర్ల ఎత్తుకు చేరినా రెండు గంటల్లోపే నేల మీద పడుతుంది. 10 మైక్రాన్ల రేణువు నిశ్చలమైన గాలిలో రోజుకు దాదాపు 700 మీటర్లు మాత్రమే దిగుతుంది, అదే 3 కిలోమీటర్లు దిగడానికి నాలుగు రోజులు దాటుతుంది. 1 మైక్రాన్‌ది రోజుకు 7 మీటర్లే దిగుతుంది. దాన్ని కిందికి తెచ్చేది బరువు కాదు, వాన.

అందుకే మన దాకా వచ్చేది కంటికి విడిగా కనిపించని సన్న దుబ్బ. మీ బాల్కనీలో వేళ్లకు గరగరలాడే రేణువులు తగిలితే అవి ఎడారి దాటి వచ్చినవి కావు. పక్క వీధిలో కడుతున్న బిల్డింగ్‌వో, రోడ్డువో అయి ఉంటాయి.

కంప్యూటర్ మోడల్ లోపల ఏం జరుగుతుంది?

నాలుగు పనులు జరుగుతాయి. నేల నుంచి దుమ్ము ఎంత లేచిందో, ఎంత ఎత్తుకు వెళ్లిందో, గాలి ఎటు మోసిందో, దారిలో ఎంత రాలిందో లెక్కగడుతుంది. వీటిలో మూడోది ఇప్పుడు బాగానే కుదిరింది. ఎందుకంటే రోజువారీ వాతావరణ సూచన ఇచ్చే లెక్కల్లోనే ఆ గాలి ఉంది. కష్టమంతా మొదటి పనిలో ఉంది.

గాలి వీస్తే ముందు సన్న దుమ్మే లేస్తుందని మనం అనుకుంటాం. అలా జరగదు. సన్న రేణువులు ఒకదానికొకటి గట్టిగా అంటుకుని ఉంటాయి. మొదట కదిలేవి 70 నుంచి 100 మైక్రాన్ల ఇసుక రేణువులు. అవి గంతులేస్తూ పోయి నేలను గుద్దుతాయి. ఆ దెబ్బకు సన్న దుమ్ము విడివడి పైకి లేస్తుంది. ఇసుక రేణువుల ఈ గంతులను బ్రిటిష్ సైనిక ఇంజినీర్ రాల్ఫ్ బాగ్నోల్డ్ 1930లలో లిబియా ఎడారిలో తిరిగి, గాలి సొరంగంలో కొలిచి లెక్కగట్టాడు. నేటి మోడళ్లలో దుమ్ము లేచే సూత్రాలకు పునాది ఆ పనే.

ఆ గంతులు మొదలవడానికి గాలికి ఒక కనీస వేగం ఉండాలి. నేల పొడిగా, బోడిగా ఉంటే సెకనుకు 6 నుంచి 8 మీటర్లు సరిపోవచ్చు. నిన్న వాన పడి ఉన్నా, గడ్డి ఉన్నా, మట్టి పెచ్చుకట్టి ఉన్నా అంతకన్నా ఎక్కువ కావాలి. ఆ హద్దు దాటాక లేచే దుమ్ము గాలి వేగానికి దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది. అంటే మోడల్ గాలిని 10 శాతం ఎక్కువ అంచనా వేస్తే దుమ్ము 33 శాతం ఎక్కువ అయిపోతుంది. ఒకే తుఫానుకు రెండు మోడళ్లు రెండింతల తేడాతో అంకెలు చూపించినా నేను ఆశ్చర్యపోను. దుమ్ము ఎటు వెళ్లిందనే విషయంలో మాత్రం సాధారణంగా రెండూ దగ్గరగానే ఉంటాయి.

ఎక్కడి నుంచి లేవాలో కూడా మోడల్‌కు ముందే చెప్పాలి. పెద్ద వనరులు ఇసుక దిబ్బలు కావు, ఎండిన చెరువుల, సరస్సుల అడుగులు. ఆఫ్రికాలోని చాద్‌లో ఉన్న బొడేలే పల్లం ప్రపంచంలోకెల్లా పెద్ద దుమ్ము వనరు. అది ఒకప్పుడు మహా సరస్సు. అక్కడి దుమ్ము అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవికి భాస్వరం ఎరువుగా అందుతోందని చెబుతారు.

ట్రాజెక్టరీ మోడల్ అని ఒకటి, గడుల మోడల్ అని ఒకటి అంటారు. తేడా ఏమిటి?

సిటీ బస్సుల్లో జనం ఎలా కదులుతున్నారో తెలుసుకోవాలనుకోండి. ఒక బస్సు ఎక్కి చివరి స్టాప్ దాకా వెళ్లొచ్చు. లేదా ప్రతి స్టాప్‌లో ఒక మనిషిని నిలబెట్టి ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ లెక్కపెట్టించవచ్చు.

బస్సు ఎక్కినట్టు గాలి వెంటే పోయి, దాని దారిని (ట్రాజెక్టరీని) గీతగా గీసే మోడళ్లు హిస్‌ప్లిట్, ఫ్లెక్స్‌పార్ట్. హిస్‌ప్లిట్ అమెరికా వాతావరణ సంస్థ నోవాది, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. స్టాపుల పద్ధతిలో పనిచేసేవి యూరప్ వాళ్ల క్యామ్స్, నాసా వాళ్ల జియోస్, పరిశోధకులు తమ కంప్యూటర్లలో నడుపుకునే డబ్ల్యూఆర్‌ఎఫ్-కెమ్. ఇవి భూమి మీది గాలిని గడులుగా కోసి, గడిగడికీ ఎంత దుమ్ము ఉందో లెక్కపెడతాయి. "ఈ గాలి ఎక్కడి నుంచి వచ్చింది" అనడిగితే మొదటి రకం, "ఎంత దుమ్ము ఉంది" అనడిగితే రెండో రకం పనికొస్తాయి. ఏదో ఒకదానితో సరిపెట్టుకోవద్దు.

హిస్‌ప్లిట్‌లో నేనే వెనక్కి గీత గీసుకోవచ్చా? ఎక్కడ తప్పులు పడతాయి?

గీసుకోవచ్చు, పది నిమిషాల పని. వెనక్కి వెళ్లే ట్రాజెక్టరీ ఎంచుకుని, హైదరాబాద్‌కు 17.4 ఉత్తర అక్షాంశం, 78.5 తూర్పు రేఖాంశం ఇచ్చి, 72 లేదా 96 గంటలు వెనక్కి నడపండి.

మొదటి తప్పు టైం దగ్గర. అది అడిగేది యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం. మన టైం దానికి ఐదున్నర గంటలు ముందు. మధ్యాహ్నం 2.30 అంటే అక్కడ 9 గంటలు. నేను నేర్చుకునే రోజుల్లో మన టైమే ఇచ్చేసి, మధ్యాహ్నపు మసకకు రాత్రి గాలి గీత గీసి, అది థార్ మీదుగా పోతోందని ఒక క్లాసు మొత్తానికి చూపించాను. వారం తర్వాత సరిచూస్తే అసలు గీత మహారాష్ట్ర దాటలేదు. ఆ క్లాసుకు మళ్లీ వెళ్లి సరిదిద్ది చెప్పాను. అప్పటి నుంచి టైం కాగితం మీద రాసుకున్నాకే కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను.

రెండోది ఎత్తు. అందులో ఎత్తును మామూలుగా నేల నుంచి కొలుస్తారు, సముద్ర మట్టం నుంచి కాదు. మన ఊరే సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఈ రెండూ కలగలిపితే అర కిలోమీటరు తేడా వస్తుంది, అంత ఎత్తులో గాలి దిక్కే వేరుగా ఉండొచ్చు. ఎప్పుడూ ఒక్క ఎత్తుతో ఆగకండి. 100, 500, 1500 మీటర్ల దగ్గర మూడు గీతలు గీయండి. మూడూ ఒకే దారిలో పోతే నమ్మకం పెరుగుతుంది. మూడు మూడు దిక్కులకు పోతే ఆ రోజుకు ఏదీ గట్టిగా చెప్పకండి.

మూడోది, గీతను రోడ్డు మ్యాప్‌లా చూడటం. గీత ఎంత దూరం పోతే అందులో 15 నుంచి 30 శాతం దాకా తప్పు ఉండొచ్చని ఆ మోడల్ తయారుచేసినవాళ్లే చెబుతారు. 1300 కిలోమీటర్ల గీత చివర 200 నుంచి 400 కిలోమీటర్లు అటూఇటూ కావచ్చన్నమాట. అందుకే ఎన్‌సెంబుల్ అనే పద్ధతి ఉంది. వాతావరణ డేటాను కొద్దికొద్దిగా జరిపి 27 గీతలు గీస్తుంది. ఆ గుంపును చూడండి, ఒంటి గీతను కాదు.

గీత థార్ మీదుగానే వచ్చింది. అంటే దుమ్ము థార్‌దే కదా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

గీత చెప్పేది గాలి ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రమే. ఆ గాలి చేతిలో దుమ్ము ఉందో లేదో అది చెప్పదు. గుడి మీదుగా వచ్చినవాళ్లందరి చేతిలో ప్రసాదం ఉండదు. ఎడారి పైనుంచి వచ్చిన గాలికి దుమ్ము అంటాలంటే ఆ గంటలో అక్కడ నేల మీద గట్టి గాలి ఉండాలి, దుమ్ము లేచి ఉండాలి, మన గాలి ఆ ఎత్తులో ఉండాలి, దారిలో వాన తగిలి ఉండకూడదు.

కాబట్టి నేను ముందు గీత కింద ఉండే ఎత్తు గ్రాఫ్ చూస్తాను. ఎండాకాలం మధ్యాహ్నం ఎడారి మీద నేల మీది గాలీ పై గాలీ కలగలిసే పొర 3, 4 కిలోమీటర్ల దాకా ఉబ్బుతుంది. రాత్రి అది కొన్ని వందల మీటర్లకు కుదించుకుపోతుంది. మన గాలి 2 కిలోమీటర్ల ఎత్తులో మధ్యాహ్నం థార్ దాటితే దుమ్ము అందుకుని ఉండొచ్చు. అదే ఎత్తులో తెల్లవారుజామున దాటితే నేల దానికి తగలనే లేదు.

తర్వాత ఆ రోజు జోధ్‌పూర్, జైసల్మేర్ విమానాశ్రయాల వాతావరణ రిపోర్టులు చూస్తాను. దుమ్ము లేస్తే అక్కడ దృశ్యదూరం పడిపోయినట్టు గంటగంటకూ రాసి ఉంటుంది. ఆ పైన ఉపగ్రహ చిత్రం. చివరగా మన ఊరికి వస్తాను. సనత్‌నగర్, జూపార్క్, పటాన్‌చెరు ఇక్రిశాట్, సెంట్రల్ యూనివర్సిటీల్లో గాలి కాలుష్యం కొలిచే స్టేషన్ల అంకెలు పక్కపక్కన పెట్టుకుంటాను. బయటి నుంచి వచ్చిన దుమ్ము కొన్ని గంటల తేడాతో అన్నిచోట్లా కలిసి పెరుగుతుంది. ఒక్క సనత్‌నగర్‌లోనే ఎగబాకితే ఆ చుట్టుపక్కల ఏదో జరిగింది. పీఎం2.5 (2.5 మైక్రాన్ల లోపు రేణువులు) కన్నా పీఎం10 (10 మైక్రాన్ల లోపువి) బాగా ఎక్కువగా పెరిగితే అది మట్టి దుమ్ము లక్షణం. రెండూ కలిసి పెరిగితే పొగ కావచ్చు.

ఇవన్నీ ఒకే మాట చెప్పిన రోజే నేను "ఎడారి దుమ్ము" అంటాను. అలాంటి రోజులు ఏడాదిలో తక్కువ. మిగతా రోజుల దుమ్ము మనదే. తుడవని రోడ్ల అంచులు, కప్పకుండా పోయే ఇసుక లారీలు, శివార్లలో రాతి క్రషర్లు, తడపకుండా కూల్చే పాత ఇళ్లు. ఎడారి మీద వేసేస్తే వీటిని అడిగేవాళ్లు ఉండరు. తొందరపడి గీసిన ఒక్క గీత ఆ పని చేయగలదు కాబట్టే దీని మీద నాకింత పట్టుదల.

ఉపగ్రహ చిత్రం చూస్తే చాలదా, మోడల్ ఎందుకు?

ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. దుమ్ము ఉందని చెబుతుంది గానీ, నేల దగ్గర ఉందా, 4 కిలోమీటర్ల పైన తేలిపోతోందా అన్నది మామూలు చిత్రంలో తెలియదు. 2006 నుంచి 2023 వరకు పనిచేసిన కాలిప్సో ఉపగ్రహం లేజర్‌తో నిలువునా కోసి ఆ ఎత్తు చూపించేది. దాని డేటా పాత తుఫానుల అధ్యయనానికి ఇప్పటికీ బంగారమే. పైగా మేఘం అడ్డొస్తే కింద ఏముందో కనపడదు, వేసవిలో తెల్లగా మెరిసే నేల మీద లేత దుమ్మును పోల్చడమూ కష్టమే.

ఒక మంచి ఉపాయం ఉంది. దాదాపు 11, 12 మైక్రాన్ల ఉష్ణ తరంగాల్లో దుమ్మూ మేఘమూ వేర్వేరుగా కనిపిస్తాయి. ఆ తేడాతో తయారుచేసే రంగుల చిత్రంలో దుమ్ము ముదురు గులాబీ రంగులో తేలుతుంది. రాత్రిపూట కూడా పనిచేస్తుంది. వరుస చిత్రాలు తిప్పి చూస్తే దుమ్ము అంచు కదలడం కళ్లకు కడుతుంది. మోడల్ గీత ఆ అంచుతో కలిసి నడిచిందా లేదా అన్నది నాకు అసలు పరీక్ష.

సాయంత్రం వాన ముందు ఒక్కసారిగా లేచే గాలిదుమారం కూడా ఎడారిదేనా?

కాదు. అది ఉరుముల మేఘం నుంచి చల్లటి గాలి దబ్బున కిందికి దిగి, నేల మీద పరుచుకుంటూ మన దుమ్మునే మన ముఖాన కొట్టడం. అర గంటలో అయిపోతుంది, వెనకే వాన వస్తుంది. ఎడారి నుంచి వచ్చిన మసక అలా ఉండదు, చప్పుడు చేయదు, ఒకటి రెండు రోజులు ఆకాశాన్ని పాలిపోయినట్టు ఉంచుతుంది.

ఉత్తరాదిన ఆంధీ అనేది కూడా చాలాసార్లు ఈ మేఘాల గాలే. 2018 మే 2 రాత్రి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో వందమందికి పైగా ప్రాణాలు తీసింది అలాంటిదే. 40 కిలోమీటర్ల గడులున్న ప్రపంచ మోడల్ కంటికి ఒక్కొక్క ఉరుముల మేఘం ఆనదు. ఇలాంటి వాటికి వాతావరణ శాఖ రాడార్ ఆధారంగా ఇచ్చే తక్షణ హెచ్చరికలే నమ్ముకోవాలి.

దుమ్ము రాబోతోందని ముందే తెలుసుకోవచ్చా?

పెద్ద తుఫానులైతే రెండు మూడు రోజుల ముందు తెలుస్తుంది. క్యామ్స్ రోజుకు రెండుసార్లు, ఐదు రోజుల ముందు వరకు దుమ్ము సూచన ఇస్తుంది. మన దేశంలో నోయిడాలోని ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్ (వాతావరణ సూచనల జాతీయ కేంద్రం) కూడా దుమ్ము సూచనలు తయారుచేస్తుంది. ప్రపంచ వాతావరణ సంస్థ 2007లో ఇసుక, దుమ్ము తుఫానుల హెచ్చరికల వ్యవస్థ ఏర్పాటు చేసింది. దాని బార్సిలోనా కేంద్రం చాలా మోడళ్లను ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. అన్నీ ఒకే చోట దుమ్ము చూపిస్తే టెన్షన్ పడాల్సిందే, ఒక్కటే చూపిస్తే ఇంకో రోజు ఆగి చూడొచ్చు. పాత రోజుల లెక్క కావాలంటే నాసా వాళ్ల మెర్రా-2 అనే పాత వాతావరణ డేటాలో 1980 నుంచి ఉంది.

ఏఐ వచ్చాక ఈ మోడళ్లు అవసరమా?

అవసరమే. ఏఐ నేర్చుకుంటున్నది ఈ మోడళ్లూ కొలతలూ కలిపి తయారుచేసిన పాత డేటా నుంచే. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఐ మోడల్ అరోరా 2022 జూన్‌లో ఇరాక్‌లో వచ్చిన ఇసుక తుఫానును ఒక రోజు ముందే పట్టుకోగలదని వాళ్ల పత్రంలో చూపించారు. వేగంలో అది చాలా ముందుంది. ఎందుకు లేచిందో అర్థం కావాలంటే మాత్రం ఇప్పటికీ బాగ్నోల్డ్ దగ్గరికే వెళ్లాలి.

మా బాబుకు ఆయాసం ఉంది. ఎడారి దుమ్మా, రోడ్డు దుమ్మా అన్నది వాడికి తేడా చేస్తుందా?

ఆ రోజు ఊపిరికి తేడా చేయదమ్మా. చూడాల్సింది అంకె. మన దేశ ప్రమాణం 24 గంటల సగటున పీఎం10కి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, పీఎం2.5కి 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దులు 45, 15. మీకు దగ్గరి స్టేషన్‌లో ఇవి బాగా దాటితే బాబును బయట ఆడనివ్వకండి, బయటికి తప్పదంటే ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్క్ పెట్టండి. ఇల్లు పొడి చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డ పెట్టండి. ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకుని, డాక్టర్ చెప్పినట్టే వాడండి.

దుమ్ము వల్ల మంచి ఏమీ లేదా?

ఉంది. అరేబియా సముద్రం మీద తేలే దుమ్ము ఎండను పీల్చి గాలిని వేడెక్కిస్తుంది. దానివల్ల సముద్రం నుంచి తేమ గాలి మన వైపు గట్టిగా లాగబడి, వారం లోపు మధ్య భారతంలో వాన పెరుగుతుందని 2014లో ఒక పరిశోధన మోడళ్లతో చూపించింది. హిమాలయాల మంచు మీద పడితే మాత్రం కథ వేరు. మంచు నల్లబడి త్వరగా కరుగుతుంది.

మా మేడ మీది దుమ్ము పొట్లం కట్టి ఇస్తే ఎక్కడిదో చెప్పగలరా?

చూసి చెప్పలేను. థార్ దుమ్ములో ప్రధానంగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కాల్సైట్, కొన్ని బంకమట్టి ఖనిజాలు. మన ఊరి గ్రానైట్ గుట్టలు అరిగినా క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పారే వస్తాయి. కాంక్రీటు దుమ్ములో కాల్సైట్ ఉంటుంది. స్ట్రాన్షియం, నియోడిమియం అనే మూలకాల ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కొలిస్తే తేడా పట్టొచ్చు, ఎందుకంటే మన గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది, దాని గుర్తు వేరు. కానీ అది పెద్ద ల్యాబ్ పని, ఇంటింటికీ చేసేది కాదు.

అయినా ఇవ్వాలనుకుంటే పొట్లం కన్నా నాకు ఇవి ఎక్కువ ఉపయోగం: మసక మొదలైన తేదీ, గంట (మన టైమే రాయండి, నేను మార్చుకుంటాను), ఏ ఏరియా, ఆ ముందు రోజు వాన పడిందా, మీ వీధిలో ఏదైనా కడుతున్నారా లేదా కూలుస్తున్నారా. మేడ మీద నుంచి దూరంగా కనిపించే ఏ గుట్టనో వాటర్ ట్యాంకునో రోజూ ఒకే వేళకు తీసిన ఫోటోలు రెండు మూడు ఉంటే ఇంకా మంచిది.